సైకిలు మీద వచ్చిన దెయ్యం

వరాలత్త ఇంటికి రంగులు వేయిస్తూ నాకు ఫోను చేసింది. "అటక కాళీ సేస్తన్నాను. నీకేటి కావాలో వొచ్చి పట్టుకెల్లు. నేకపోతే పాత సామాన్లోడికి ఇచ్చెత్తాను" అంది. ఆవిడ పిలుపు ఎప్పుడూ బెదిరింపులాగే ఉంటుంది. మా నాన్నకు ఆఖరి చెల్లెలు. ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేరి, హెడ్ క్లర్కుగా దిగి, ఇప్పుడు బరంపురంలో సొంత ఇంట్లో అందరినీ అదిలిస్తూ హాయిగా ఉంది. కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి నిత్యను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో రైలెక్కాను. వెళ్ళేసరికి వసారా నిండా ఇత్తడి గిన్నెలు, విరిగిన కుర్చీలు, బూజు. వాటిలోంచి నాకు దక్కింది ఒక అప్పడాల కర్ర. రెండు కొసలూ లావుగా, నడుము దగ్గర అరిగిపోయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళకీ సన్నగా ఇంగువ వాసన. అది నాయనమ్మ కర్ర. నిత్య తన ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టి (ఈ మధ్య దానికది అలవాటైంది) ఆ కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, ఏమిటింత గొప్ప దీనిది అని అడిగింది. "దీన్ని పట్టుకెళ్ళే మా అమ్మ దెయ్యాన్ని తరివింది. మీ అమ్మనడుగు, ఆ దెయ్యాన్ని కనిపెట్టింది తనే" అంది వరాలత్త. ఆవిడ టీ పెట్టడానికి లేచింది, నేను కథ మొదలుపెట్టాను.

మా ఇల్లు అప్పట్లో బరంపురంలోనే, గోసాని నువాగాం పేటలో. ముందు సన్నగా, లోపలికి వెళ్ళేకొద్దీ గది వెనక గదిగా సాగిపోయే ఇల్లు. వీధిగదిలో మిరపకాయల బస్తాలు, రెండో గదిలో మనుషులు, మూడో గదిలో దేవుడు, చివర వంటిల్లు. నాన్నకీ బాబాయికీ బజారులో కిరాణా కొట్టు. అన్నీ బయటినుంచి తెచ్చి అమ్మినా, అప్పడాలు మాత్రం ఇంటివే. బరంపురంలో అప్పడాలు చేయని కోమట్ల ఇల్లు ఉందంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరని అర్థం. వారానికి ఒకసారి, ఆదివారం. పొద్దున్నే మినప్పిండిలో మిరియాలు, ఇంగువ, అప్పడాల ఖారమనే సోడా ఉప్పు కలిపి, నూనె రాసిన రోకలితో అమ్మా పిన్నీ వంతులవారీగా దంచేవాళ్ళు. నాయనమ్మ ఆ పిండిని తాడులా పొడుగ్గా సాగదీసి, దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొస పళ్ళతో పట్టి, టకటకమని ఉండలు కోసేది. ఒక ఉండకీ ఇంకో ఉండకీ ఆవగింజంత తేడా ఉండేది కాదు. మధ్యాహ్నం భోజనాలై, నాన్నా బాబాయీ మేడ మీద గుర్రుపెట్టాక, మేమంతా రెండో గదిలో పీటలు వేసుకుని వత్తడానికి కూర్చునేవాళ్ళం. ఎవరి అప్పడం ఏదో అంచు చూసి నాయనమ్మ చెప్పేసేది. పిన్నిది మందం, అమ్మది గుండ్రం, నాది ఏ దేశపు పటమో. వరాలత్తది మాత్రం పల్చగా, అవతల పెట్టిన వేళ్ళు కనబడేటంతగా ఉండేది. నాయనమ్మ పైకి మెచ్చుకునేది కాదు గానీ అత్త వత్తిన అప్పడాలను వేరే చీర మీద ఆరబెట్టేది.

టీవీ వచ్చాక ఈ అప్పడాల కచేరీకి కొత్త కళ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం హిందీ సీరియలు. నాయనమ్మకు తెలుగు ఎంతో ఒడియా అంత. కూరగాయలామెతో ఒక భాషలో బేరం మొదలుపెట్టి ఇంకో భాషలో ముగించేది. హిందీ మాత్రం అక్షరమ్ముక్క రాదు, అమ్మకీ పిన్నికీ కూడా. బడిలో మూడో భాషగా హిందీ చదువుతున్నది నేను కనుక దుబాసీ పదవి నాకు దక్కింది. నా హిందీ ఎలాంటిదో మా మాస్టారికీ నాకూ మాత్రమే తెలుసు. పది మాటల్లో నాలుగు అర్థమయ్యేవి, మిగిలిన ఆరూ నేనే అల్లేదాన్ని. వరాలత్తకు హిందీ బాగానే వచ్చు. కానీ ఆవిడ పీట మీద తలవంచుకుని వత్తుకుంటూ నా కోతలు వింటూ ఊరుకునేది. అందుకు ఇప్పటికీ ఆవిడకు రుణపడి ఉన్నాను.

ఆ సీరియల్లో సుధ అని బొంబాయిలో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఒకడు ఆమె వెంట పడతాడు. పొద్దున బస్‌స్టాపులో ఉంటాడు, సాయంత్రం కిటికీ ఎదుట దీపస్తంభం కింద ఉంటాడు. ఫోను చేసి మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపిస్తాడు. ఎండాకాలమైనా బూడిదరంగు పొడుగు కోటు విప్పడు. మొదటి వారమే నాయనమ్మ, "ఈడికి సెమట పట్టదేటే?" అని అడిగింది. వాడు తెర మీదకు వచ్చినప్పుడల్లా పిన్ని కర్ర ఆగిపోయేది, అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. నాకు వీపు మీద చల్లగా ఉండేది, అయినా బాగుండేది. కానీ నాయనమ్మ కోపమంతా సుధ మీదే. "ఆ పిల్లకి కిటికీ కాడ ఏటి పని? జడ ముందుకేసుకోడవేటి? ఊరికే ఎవుడైనా ఎంటపడతాడేటే? ఈవిడేదో నవ్వుంటాది" అనేది. ప్రతి వారం ఏదో ఒక తప్పు దొరికేది. ఒకసారి సుధ గొడుగు ఎర్రగా ఉందని తప్పు పట్టింది. అలాంటప్పుడు వరాలత్త చేతికింద అప్పడం చిరిగేది. అత్త అప్పడం చిరగడం నేను అంతకుముందు చూడలేదు.

ఎందుకు చిరుగుతోందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. డిగ్రీ అయ్యాక, ఇంక చాలు అన్న నాన్నను బతిమాలి బతిమాలి అత్త టైపు నేర్చుకోవడానికి వెళ్తోంది. ఉద్యోగం పరీక్షకు దరఖాస్తు పెట్టుకుంది. రోజూ నాలుగు గంటలకు క్లాసు. బడినుంచి వచ్చిన నేను తోడు. వెళ్ళే దారిలో ఒక సైకిలు మా వెనకాలే వచ్చేది. మేము నడిస్తే నడిచినంత మెల్లగా, ఆగితే ఆగేది. హ్యాండిలుకి ఎర్ర కుచ్చులు, మనిషికి నల్లద్దాలు, వంటి నిండా మొగలి అత్తరు. మా గంజాం జిల్లాలో మొగలిపూలకు కరువు లేదు గానీ, ఎవరైనా గుడ్డ కొసకు చుక్క రాసుకుంటారు, వీడు దాంతో స్నానం చేసేవాడేమో. అత్త వెనక్కి తిరిగి చూసేది కాదు, ఆ వాసనతోనే వచ్చాడని తెలిసిపోయేది. నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. వాడు ఒక్క మాట అనేవాడు కాదు, మేం లోపలికి వెళ్ళి, గంట తరవాత బయటికి వచ్చేదాకా ఎదుట టీకొట్టు దగ్గర ఒక కాలు నేల మీద పెట్టి సైకిలు మీదే కూర్చునేవాడు. నాన్నతో చెబుదామా అన్నానొకసారి. "సెప్తే ఆడికేటవుద్దే? నా టైపు మానిపించెత్తారు. పారూ, ఇంకో మూణ్ణెల్లు, పరీచ్చ అయిపోనీ, నోరెత్తకు" అంది అత్త. నాకు పదమూడేళ్ళు. ఆ వయసులో నోరెత్తకుండా ఉండటం కంటే కష్టమైన పని నాకెవరూ పెట్టలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం సీరియల్లో సుధ, ఆ కోటువాడు ఉండే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. తలుపు తోసింది. గదిలో ఎవరూ లేరు. గోడకు ఫోటో, అదే మొహం, అవే కళ్ళు. ఫోటోకు దండ, ముందు దీపం. సుధ కెవ్వుమంది, ఆ వారానికి అయిపోయింది. దండ వేసిన ఫోటో అంటే మా ఇళ్ళల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. గదిలో కర్రలన్నీ ఆగాయి. పిన్ని లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది, పట్టపగలు. నాయనమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో! ఆడు సచ్చిపోనాడేటే! అందుకే సెమట పట్టనేదు!" అంది. ఆ తరవాత ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అయ్యో తల్లీ, ఆ పిల్లేటి సేస్తాదే పాపం! దెయ్యం ఎంటపడితే పిల్ల తప్పేటుంది? ఆవిడికి ఇంట్లోవోళ్ళు నేరేటి, ఒక నిమ్మకాయైనా దిగదుడవరేటి?" కిటికీ, జడ, ఎర్ర గొడుగు, అన్నీ ఒక్క దండతో మాఫీ అయిపోయాయి. నేను వరాలత్త వైపు చూశాను. ఆవిడ కూడా తలెత్తి నాయనమ్మను చూస్తోంది.

ఆ సాయంత్రం మేడ మీద అప్పడాల చీరలు సర్దుతున్న నాయనమ్మ దగ్గరకు వెళ్ళాను. అత్తకు ఇచ్చిన మాట తప్పడం లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మనిషి సంగతి చెప్పనన్నాను గానీ దెయ్యం సంగతి చెప్పనని అనలేదు కదా. "నాయనమ్మా, వరాలత్త ఎనకాల కూడా ఒక దెయ్యం పడింది" అన్నాను. నాయనమ్మ ఒంగిన మనిషి ఒంగినట్టే ఉంది. "ఏ వేళకొస్తాది?" అని అడిగింది. నాలుగింటికి అన్నాను. "ఎలాగొస్తాది?" సైకిలు మీద అన్నాను. "వోసనేటైనా?" మొగలి అత్తరు అన్నాను. నాయనమ్మ చీర మడత పూర్తి చేసింది. "ఊఁ" అంది, అంతే. రాత్రి భోజనాల దగ్గర మాత్రం నాన్నతో, పిల్లకు గాలి సోకినట్టుంది, రేపట్నుంచి నాలుగు రోజులు తనే తోడెళ్తానని చెప్పింది. గాలీ ధూళీ ఆడవాళ్ళ వ్యవహారం. నాన్న మజ్జిగ పోసుకుంటూ తలూపాడు.

మర్నాడు నాలుగింటికి మా ఊరేగింపు బయల్దేరింది. ముందు వరాలత్త, పక్కన నేను, పాతిక అడుగుల వెనక నాయనమ్మ. ఆవిడ నడుముకు కొంగు బిగించి, ఒక చేతిలో ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆవాలూ ఉన్న చేట, చంకలో అప్పడాల కర్ర పెట్టుకుంది. వీధి మలుపులో వాసన వచ్చింది. సైకిలు మాకూ నాయనమ్మకూ మధ్యలోకి చేరింది. టీకొట్టు దగ్గర వాడు కాలు నేల మీద పెట్టి ఆగగానే, నాయనమ్మ వెళ్ళి వాడి ఎదురుగా నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత, జ్వరం వచ్చిన మనవణ్ణి పలకరించినంత ముద్దుగా, "కెబె మలు రే పువా?" అంది. ఎప్పుడు చచ్చిపోయావురా నాయనా అని. వాడికి అర్థం కాలేదనుకుందేమో, తెలుగులోనూ అడిగింది.

వాడు నల్లద్దాలు తీసేశాడు. ఏం మాట్లాడుతున్నావు ముసలమ్మా అన్నాడు. నాయనమ్మ వాణ్ణి పట్టించుకోకుండా టీ తాగేవాళ్ళ వైపు తిరిగింది. "బాబూ, ఈడు నాకేనా, మీకూ కనబడతన్నాడా?" అని అడిగింది. కనబడుతున్నాడని వాళ్ళు నవ్వారు. "అయితే ఇంకా పూర్తిగా పోనేదన్నమాట. రోజూ నాలుగింటికి వొస్తాడు, మా పిల్ల ఎనకాలే నడుత్తాడు, గంటసేపు ఇక్కడే నిలబడతాడు. బతికున్నోడికి పనుంటాది గదా బాబూ? కొట్టో, కూలో, పొలవో, ఏదో ఒకటి ఉంటాది. ఈడికేటీ నేదంటే సచ్చినోడే గదా?" అంది. ఇంక చేట ఎత్తి వాడి చుట్టూ, సైకిలుతో సహా, కుడినుంచి మూడుసార్లు ఎడమనుంచి మూడుసార్లు తిప్పింది. టీకొట్టువాణ్ణి అడిగి కుంపట్లో ఆ మిరపకాయలు వేయించింది. ఘాటుకి అందరూ దగ్గారు, వాడు ఇంకాస్త ఎక్కువ దగ్గాడు. "సూడండి, పోతంది, పోతంది" అని నాయనమ్మ అప్పడాల కర్రతో సైకిలు సీటు మీద రెండు దెబ్బలు వేసింది. నిజంగానే పోయాడు. వాడు మలుపు తిరిగేదాకా టీకొట్టు జనం "భూతో, భూతో" అని కేకలు పెట్టారు. ఆ తరవాత మా వీధుల్లో వాడికి ఆ పేరే స్థిరపడిపోయింది. కుచ్చుల సైకిలు మళ్ళీ అటు రాలేదు. ఇంటికి వచ్చాక అమ్మతో నాయనమ్మ అన్నది ఒకటే, గాలి వదిలిపోయింది అని.

ఇక్కడితో అయిపోతే నేను సుఖంగా ఉండేదాన్ని. మరుసటి ఆదివారం కరెంటు పోయింది, మా ఊరు మొత్తానికి. ఆ పైవారం టీవీ పెట్టేసరికి, కోటువాడు నిక్షేపంలా కూర్చుని టీ తాగుతున్నాడు. వాడి తల్లి పక్కన కూర్చుని, ఆ దండ ఫోటో వైపు చూపించి, చచ్చిపోయిన తన పెద్దకొడుకు గురించి ఏడుస్తోంది. అన్నదమ్ములిద్దరిదీ అచ్చం ఒకే పోలిక. పదిలో నాలుగు మాటలే అర్థమయ్యే నాక్కూడా ఈసారి పదీ అర్థమయ్యాయి. వాడు మనిషి. "ఏటంతందే ఆవిడ?" అని నాయనమ్మ అడిగింది. వీడు మనిషైతే ఆ సైకిలువాడూ మనిషే. మనిషైతే సుధ మళ్ళీ జడ ముందుకు వేసుకున్న పిల్ల అయిపోతుంది. నాన్న మేడ మీంచి దిగి వస్తాడు. పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. వరాలత్త కర్ర ఆగింది. "ఆవిడ కూడా దెయ్యమే నాయనమ్మా. వాడి తల్లి. ముందే చచ్చిపోయింది" అన్నాను.

ఆ తరవాత ఏడు వారాలు నేను పడిన పాట్లు, పెద్దయి కథలు రాయడం మొదలుపెట్టాక కూడా ఏ రచనకూ పడలేదు. వాడు ఆఫీసుకు వెళ్తే, ఇంకో మనిషి ఒంట్లో దూరాడన్నాను. వాడు మెట్ల మీంచి జారిపడి చేతికి కట్టు కట్టుకుంటే, సుధ కట్టిన తాయెత్తు దెబ్బన్నాను. ఒక ఉత్త బొంబాయి పోకిరీ కథను ఒంటిచేత్తో దెయ్యాల కథగా మార్చేశాను. అమ్మా పిన్నీ భయంతో ఒకరికొకరు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఆఖరి వారం పోలీసులు వాణ్ణి పట్టుకుని బేడీలు వేసి కోర్టులో నిలబెట్టారు. బేడీలు మంత్రించినవన్నాను. బల్ల వెనక కూర్చున్నాయన పెద్ద భూతవైద్యుడన్నాను. "మరి ఆ నల్లకోట్లోళ్ళు?" అంది నాయనమ్మ. బొంబాయిలో మంత్రగాళ్ళు అవే వేసుకుంటారన్నాను. ఆవిడ నావైపు కొంచెంసేపు చూసి, "బొంబాయిలో మంతరగాళ్ళు సానామందే ఉన్నారు" అని ఉండ అందుకుంది. ఆ తరవాతి వారమే వరాలత్త పరీక్ష. ప్యాసయింది.

నేను ఇక్కడ ఆగేసరికి నిత్య కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ముసలావిడ భలే నమ్మిందే అంది. "నమ్మడవా?" అని వరాలత్త టీ గ్లాసులు బల్ల మీద పెట్టి కూర్చుంది. "మా నాన్న పోయాక ఇంటి దావాకి పదకొండేళ్ళు కోర్టు సుట్టూ తిరిగింది మా అమ్మ. ప్లీడర్ల ఇళ్ళకి కూర అరిటికాయలు మోసింది. నల్లకోటేటో ఆవిడికి మీ అమ్మ సెప్పాలేటి?" అంది. ఇన్నేళ్ళూ ఈ కథ నా తెలివికి సాక్ష్యమనుకుంటూ ఎందరికి చెప్పానో. "ఆ మేడ మీద నువ్వు సెప్పిన రోజే, మా అమ్మ నాకు తలకి నూనె రాస్తా అంది, 'పారు దెయ్యవంటే దెయ్యవే అందాం. మనిసంటే మీ అన్న నీ టైపు మానిపించెత్తాడు. దెయ్యవంటే ఎవులూ నిన్నేటీ అన్రు' అని. 'ఆ టీవీలో పిల్లని నోటికొచ్చినట్టు అన్నానే, నువ్వు పక్కనే కూకుని ఇన్నావే' అని ఏడిసింది. మా అమ్మ ఏడవడం నేను సూసింది అప్పుడే" అంది వరాలత్త. కర్ర నా ఒళ్ళో ఉంది. నాయనమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడ ఎదుట కూర్చుని ఏడు వారాలు నేను అబద్ధాలు చెప్పాననుకున్నాను, నిజానికి ఆవిడ కూర్చుని నాచేత చెప్పించుకుందన్నమాట. ఆవిణ్ణి చూడాలని అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ బరువు దించుకోవడానికన్నట్టు నేనో ఉపన్యాసం మొదలుపెట్టాను. కాలం ఎంత మారిందో చూడు, అప్పుడు ఆడపిల్లకు న్యాయం జరగాలంటే మగవాడు ముందు చచ్చి దెయ్యమవ్వాల్సి వచ్చింది, ఇప్పటి పిల్లలకు ఆ అవసరం లేదు, ఫోనులో బొత్తాం నొక్కితే వాడు మాయం, ఇంట్లో అన్నీ చెప్పుకోవచ్చు, మేమేమన్నా కసురుతామా, అడుగుతామా అని. వరాలత్త టీ ఊదుకుంటోంది. నిత్య నవ్వడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. బోర్లా ఉన్న ఫోనును వెల్లకిలా తిప్పింది. తెర మీద వరసగా ఒకే పేరుతో ఎన్నో సందేశాలు, అన్నీ ఆ పొద్దుటినుంచి వచ్చినవే. దాన్ని నా ముందుకు తోసింది.

"అమ్మా, నాక్కూడా ఒక దెయ్యం ఉంది. మూణ్ణెల్ల నుంచి. నాన్నకు చెప్పకు, హాస్టల్ మానిపించేస్తాడు" అంది.

నెట్‌లో ఫోటోలు ఎందుకు పెట్టావే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. సిగ్గు లేకుండా, అంత ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే. ఎర్ర గొడుగు ఎందుకు పట్టుకున్నావే అని అడగడమే అది. వరాలత్త నిత్యను చూడటం లేదు, నన్నే చూస్తోంది. నేను ఆ మాట మింగాను. కర్ర బల్ల మీద పెట్టి, కుర్చీ నిత్య దగ్గరకు లాక్కున్నాను.

"ఏ వేళకొస్తాది?" అని అడిగాను.